యాంజియోగ్రామ్ నార్మల్ వచ్చాక కూడా కార్డియాక్ ఎంఆర్‌ఐ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ. మా తమ్ముడికి 26 ఏళ్ళు. ఐటీఐ చేసి కొన్నాళ్ళు వెల్డింగ్ షాపులో పనిచేశాడు. ఇప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. ఈమధ్య వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మూడో రోజు రాత్రి ఛాతీలో గట్టిగా నొప్పి వచ్చింది. ఇక్కడి ఆసుపత్రిలో ఈసీజీ తేడాగా ఉంది, ట్రోపోనిన్ పాజిటివ్ అని చెప్పి హైదరాబాద్ పంపారు. అక్కడ యాంజియోగ్రామ్ చేసి ఒక్క బ్లాకు కూడా లేదన్నారు. ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం శాతం) 55 వచ్చింది. 'మయోకార్డైటిస్ అయి ఉండొచ్చు, కార్డియాక్ ఎంఆర్‌ఐ చేయించండి' అని రాసి ఇంటికి పంపారు. నొప్పి వచ్చి నేటికి తొమ్మిది రోజులు. ఇప్పుడు నొప్పి లేదు, బాగానే తిరుగుతున్నాడు. మా బావగారికి మెడికల్ షాపు ఉంది. 'బ్లాకులు లేవంటే గుండె బాగున్నట్టే, ఇంకా ఎంఆర్‌ఐ ఎందుకు, డబ్బు దండగ' అంటున్నారు. తమ్ముడేమో ఈవెంట్స్ (పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు) దగ్గరపడుతున్నాయి, రేపటి నుంచి గ్రౌండ్‌కి వెళ్ళి పరుగు మొదలుపెడతానంటున్నాడు. ఏం చేయాలి? ఇంకో సందేహం: మా నాన్నగారికి ఆరేళ్ళ కిందట స్టెంట్ వేశారు. ఎంఆర్‌ఐకి తోడుగా ఆయన వెళ్ళొచ్చా?

జవాబు: ఆ ఎంఆర్‌ఐ చేయించండి, ఈ వారంలోనే చేయించండి. రిపోర్ట్ వచ్చి మీ కార్డియాలజిస్ట్ చూసేదాకా మీ తమ్ముణ్ణి గ్రౌండ్‌కి వెళ్ళనివ్వకండి. రెండింటికీ కారణం ఒకటే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బావగారికి కూడా చదివి వినిపించండి.

ఆయన మాటలో సగం నిజం ఉంది. బ్లాకులు లేకపోవడం మంచి వార్తే. కానీ యాంజియోగ్రామ్ చూసేది రక్తనాళాల లోపలి దారిని మాత్రమే. మీది మిర్యాలగూడ కాబట్టి ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది: సాగర్ ఎడమ కాలువ గట్టు మీద నిలబడి నీళ్ళు నిండుగా పారుతున్నాయని చూసినంత మాత్రాన పొలంలో పైరుకు తెగులు తగిలిందో లేదో తెలియదు. మీ తమ్ముడి విషయంలో కాలువను చూశారు, పైరును, అంటే గుండె కండరాన్ని, ఇంకా ఎవరూ దగ్గరగా చూడలేదు.

కండరానికి ఏదో జరిగిందని మాత్రం ఖాయం. ట్రోపోనిన్ అనేది గుండె కండర కణాల లోపల ఉండే ప్రొటీన్. ఆ కణాలు దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది. అయితే దెబ్బ తగిలిందని చెప్పడం వరకే దాని పని, ఎందుకు తగిలిందో అది చెప్పదు. రక్తం అందక కణాలు చచ్చిపోయినా పెరుగుతుంది, వైరస్ వల్ల కండరం వాచినా పెరుగుతుంది. కిడ్నీలు పాడైనవాళ్ళలోనూ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడినవాళ్ళలోనూ పెరుగుతుంది. అందుకే 2018లో ప్రపంచంలోని ప్రధాన గుండె వైద్య సంఘాలు కలిసి గుండెపోటు నిర్వచనాన్ని సవరించినప్పుడు, కండరం దెబ్బతినడాన్ని ఒకటిగా, రక్తం అందక వచ్చే గుండెపోటును వేరుగా స్పష్టంగా విడదీశాయి. మన దగ్గర ఇప్పటికీ ట్రోపోనిన్ పాజిటివ్ అనగానే ఇంట్లో 'హార్ట్ ఎటాక్ వచ్చిందట' అని ఏడుపులు మొదలవుతాయి. యాంజియోగ్రామ్ నార్మల్ అనగానే 'ఏమీ లేదట, గ్యాస్ అయి ఉంటుంది' అంటారు. రెండూ తొందరపాటే.

మరి మీ తమ్ముడికి ఏమై ఉండొచ్చు? వయసు, జ్వరం తగ్గీ తగ్గగానే నొప్పి రావడం చూస్తే మయోకార్డైటిస్, అంటే గుండె కండరం వాపు, అనే అనుమానమే ముందు వస్తుంది. మీ డాక్టర్ రాసింది సబబే. కానీ 'కావచ్చు' దగ్గరే ఆగిపోతే కుదరదు. గుండెపోటుతో వచ్చిన ప్రతి వందమందిలో సుమారు ఐదారుగురికి యాంజియోగ్రామ్‌లో చెప్పుకోదగ్గ బ్లాకు కనిపించదు. వాళ్ళలో కొందరికి చిన్న గడ్డ అడ్డుపడి, యాంజియోగ్రామ్ చేసేలోపు కరిగిపోయి ఉంటుంది. కొందరికి నాళం ఉన్నట్టుండి బిగుసుకుపోయి మళ్ళీ తెరుచుకుని ఉంటుంది. తీవ్రమైన మానసిక ఆఘాతం తర్వాత గుండె కొసభాగం తాత్కాలికంగా చచ్చుబడే జబ్బు ఒకటుంది, దాన్ని తకోత్సుబో అంటారు. అది ఎక్కువగా నెలసరి ఆగిపోయిన స్త్రీలలో చూస్తాం, మీ తమ్ముడి విషయంలో దాన్ని పక్కన పెట్టొచ్చు.

ఏ జబ్బో తేలితే ఏం లాభం అంటారేమో. మాత్రలు మారిపోతాయి. నిజంగా రక్తం ఆగి కండరం చచ్చి ఉంటే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రల్లాంటివి ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చు. అలా జరగడానికి కారణం ఏమిటో వెతకాలి, రక్తం గడ్డకట్టే జబ్బులు ఉన్నాయేమో కూడా చూడాలి. మయోకార్డైటిస్ అయితే ఆ మాత్రల అవసరం సాధారణంగా ఉండదు, కండరానికి విశ్రాంతి ఇవ్వడం ముఖ్యమవుతుంది. 26 ఏళ్ళ కుర్రాడికి 'ఎందుకైనా మంచిది' అని జీవితాంతం మాత్రలు అంటగట్టడం గానీ, అవసరమైన మాత్ర ఎగ్గొట్టడం గానీ నాకు ఇష్టం ఉండదు.

ఎకోలో ఈఎఫ్ 55 వచ్చింది కదా అనొచ్చు. ఎకో కండరం ఎలా కదులుతోందో చూపిస్తుంది. గోడలో ఒక చిన్న భాగం మాత్రమే దెబ్బతింటే మొత్తం మీద గుండె బాగానే కొట్టుకుంటుంది, ఈఎఫ్ నార్మల్‌గానే వస్తుంది. దెబ్బ తగిలిన చోటును విడిగా పట్టి చూపించడం ఎకోకు కష్టం. ఎంఆర్‌ఐ చేసేది ఆ పనే.

అది ఎలా చూస్తుందో కూడా చెప్తాను. ముందు గుండె కదలికను వీడియోలాగా తీస్తారు. గదుల సైజు, ఈఎఫ్ ఇందులో ఎకో కంటే కచ్చితంగా వస్తాయి. తర్వాత టీ2 చిత్రాలు తీస్తారు. వాచిన చోట నీరు చేరుతుంది కదా, ఆ నీటిని ఇవి పసిగడతాయి. ఆ తర్వాత చేతి నరంలోకి గ్యాడోలినియం అనే మందు ఎక్కించి పది పదిహేను నిమిషాలు ఆగుతారు. అసలు సంగతి తేలేది ఇక్కడే. గ్యాడోలినియం బతికున్న కణం లోపలికి వెళ్ళలేదు, కణాల మధ్య ఖాళీలో మాత్రమే తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె కండరంలో కణాలు ఒత్తుగా ఉంటాయి, ఖాళీ తక్కువ. అందుకే అక్కడ చేరే మందూ తక్కువ, చేరింది కూడా త్వరగా కడిగేసుకుపోతుంది. కణాలు పగిలిన చోట, లేదా పాతబడి మచ్చ కట్టిన చోట ఖాళీ ఎక్కువ. మందు ఎక్కువగా చేరి అక్కడే నిలిచిపోతుంది. అప్పుడు ఫొటో తీస్తే మంచి కండరం నల్లగా, దెబ్బతిన్న కండరం తెల్లగా కనిపిస్తుంది. రిపోర్టులో దీన్ని ఎల్‌జీఈ అని రాస్తారు.

తెలుపు ఉందా లేదా అన్నదాని కంటే అది గోడలో ఏ పొరలో ఉందన్నది ముఖ్యం. గుండెకు రక్తం ఇచ్చే పెద్ద నాళాలు బయటి ఉపరితలం మీద పరుచుకుని, అక్కడి నుంచి కొమ్మలు లోపలికి దిగుతాయి. లోపలి పొర వాటికి చిట్టచివర ఉంటుంది. రక్తం ఆగితే ముందు చచ్చేది ఆ పొరే, అక్కడి నుంచి బయటికి పాకుతుంది. 1977లోనే అమెరికాలో రైమర్, జెన్నింగ్స్ అనే పరిశోధకులు దీన్ని కుక్కల గుండెల్లో చూపించారు. కాబట్టి గుండెపోటు తెలుపు లోపలి పొర నుంచి మొదలై, ఒక నాళం పరిధిలోనే ఉంటుంది. మయోకార్డైటిస్ తెలుపు అలా ఉండదు. చాలాసార్లు లోపలి పొరను వదిలేసి బయటి పొరలోనో, గోడ మధ్యలోనో ఉంటుంది. పక్క గోడలో, ముఖ్యంగా దాని కిందిభాగంలో ఎక్కువగా చూస్తాం. ఏ నాళం పరిధికీ లొంగకుండా అక్కడక్కడా మచ్చలుగా కూడా ఉంటుంది. సూది గుచ్చి గుండె ముక్క తీయకుండానే ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష మరొకటి నాకు తెలియదు.

ఇక 'ఈ వారంలోనే' అని ఎందుకన్నానంటే, మయోకార్డైటిస్ అని తేల్చడానికి వాడే కొలమానాలను లేక్ లూయీ క్రైటీరియా అంటారు. 2009లో వచ్చాయి, 2018లో సవరించారు. వాటి ప్రకారం కండరంలో నీరు చేరినట్టు ఒక ఆధారం, కణాలు దెబ్బతిన్నట్టు ఇంకో ఆధారం, రెండూ దొరికితే నిర్ధారణ బలంగా ఉంటుంది. ఈ నీరు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మొదటి రెండు వారాల్లో తీస్తే దొరికే అవకాశం బాగుంటుంది. మీకు ఇప్పటికే తొమ్మిది రోజులు గడిచాయి. రెండు నెలల తర్వాత తీరిగ్గా తీస్తే మచ్చ ఉంటే కనిపిస్తుంది గానీ అది ఇప్పటిదో పాతదో చెప్పడం కష్టమవుతుంది. చిన్నపాటి దెబ్బ అయితే అసలేమీ కనిపించకపోవచ్చు కూడా.

ఎంఆర్‌ఐ సెంటర్ అని బోర్డు ఉన్న ప్రతిచోటా గుండె ఎంఆర్‌ఐ చేయలేరు. మోకాలు, వెన్నెముక కదలకుండా ఉంటాయి, గుండె ఆగదు. ఈసీజీతో జతచేసి తీసే సాఫ్ట్‌వేర్ కావాలి, తీసే టెక్నీషియన్‌కు అలవాటు ఉండాలి, చదివే డాక్టర్‌కు ఇంకా ఎక్కువ అలవాటు ఉండాలి. ఫోన్ చేసి 'గుండె ఎంఆర్‌ఐలు రెగ్యులర్‌గా చేస్తారా, టీ1, టీ2 మ్యాపింగ్ ఉందా' అని అడగండి. మెషిన్ అయస్కాంతం బలాన్ని '3 టెస్లా' అని పెద్దగా రాసుకుంటారు, దానికి పడిపోవక్కర్లేదు. అనుభవం ఉన్నవాళ్ళ చేతిలో 1.5 టెస్లా మెషిన్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. రిపోర్ట్ కాగితంతో పాటు ఫొటోల సీడీ కూడా అడిగి తీసుకోండి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ తీస్తే పోల్చి చూడటానికి అది లేకపోతే ఇబ్బంది.

ఖర్చు తక్కువేమీ కాదు, బావగారి బాధ నాకు అర్థమవుతుంది. ఇన్సూరెన్స్ ఉంటే ముందే అప్రూవల్ అడగండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా విచారించండి. గుండెనొప్పి వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ పరీక్ష కావాలని నేను అనను. పెద్ద నాళంలో స్పష్టమైన బ్లాకు దొరికి, స్టెంట్ పడి, ఈఎఫ్ బాగుండి, వేరే అనుమానమేదీ లేనివాళ్ళకు చాలాసార్లు దీని అవసరం రాదు. ఈఎఫ్ బాగా పడిపోయి బైపాస్‌కో స్టెంట్‌కో వెళ్ళాల్సినవాళ్ళ సంగతి వేరు. కదలని కండరంలో బతికున్నది ఎంత అన్నది అక్కడ ప్రశ్న. 2000లో వచ్చిన ఒక పేరున్న అధ్యయనంలో, సరిగా కదలని భాగాల్లో తెలుపు అసలు లేనివి చికిత్స తర్వాత 78 శాతం మెరుగుపడ్డాయి. గోడ మందంలో ముప్పాతికకు పైగా తెల్లబడిన 58 భాగాల్లో మెరుగైంది ఒక్కటే. అలాగని ఆ ఒక్క ఫొటో చూసి ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చేయరు, అదొక ఆధారం అంతే.

పరీక్ష రోజు సంగతులు. ఇందులో ఎక్స్‌రే రేడియేషన్ ఉండదు, అయస్కాంతం ఉంటుంది. అందుకని లోహం విషయంలోనే జాగ్రత్త. ఉంగరాలు, గొలుసు, వాచీ తీసేయమంటే అందరూ తీసేస్తారు, మొలతాడుకి కట్టిన తాయెత్తు మాత్రం మరిచిపోతారు. సిగ్గుపడో, తీయకూడదనో చెప్పకుండా లోపలికి వెళ్ళేవాళ్ళున్నారు. మీ తమ్ముడికి ఉంటే ఇంటి దగ్గరే తీసి వెళ్ళమనండి.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. అతను వెల్డింగ్ షాపులో పనిచేశాడని రాశారు. గ్రైండింగ్ చేస్తున్నప్పుడు ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా అని అడగండి. పడి, పూర్తిగా తీశారో లేదో తెలియకపోతే ఆ సంగతి సెంటర్‌లో తప్పకుండా చెప్పాలి. కంట్లో మిగిలిపోయిన ఇనుప ముక్క ఆ అయస్కాంతం దగ్గర కదిలితే చూపుకే ప్రమాదం. అనుమానం ఉంటే ముందు కంటికి ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని చూసుకుని లోపలికి పంపిస్తారు. ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది. అన్నింటికీ 'నో' అని గబగబా టిక్ పెట్టేయడం మనవాళ్ళకు అలవాటు కదా, అందుకే ఇంతగా చెబుతున్నాను.

గ్యాడోలినియం అంటే భయం అక్కర్లేదు. యాంజియోగ్రామ్‌లో వాడిన అయోడిన్ మందు వేరు, ఇది వేరు. కిడ్నీలు బాగా పాడైనవాళ్ళలో ఆలోచించి వాడతారు, కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ వెంట తీసుకెళ్ళండి. ఎలర్జీ అరుదు. ముందురోజు మాత్రలు మానేయొద్దు.

లోపల ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. ఛాతీకి ఈసీజీ పట్టీలు అంటించి, పైన బరువైన కాయిల్ పెట్టి సన్నటి గొట్టంలాంటి దాంట్లోకి పంపుతారు. డబడబమని చెవులు హోరెత్తే శబ్దం వస్తుంది, హెడ్‌ఫోన్స్ ఇస్తారు. అందులో 'ఊపిరి తీసుకోండి, వదలండి, ఆపండి' అని వినిపిస్తూ ఉంటుంది. పది పదిహేను సెకన్లు ఆపాలి, మళ్ళీ వదలాలి, మళ్ళీ ఆపాలి. ఇలా చాలాసార్లు. ఊపిరి సరిగా ఆపకపోతే ఫొటో చెదిరిపోతుంది, చెదిరిన ఫొటోలో తెలుపు ఏదో నీడ ఏదో తెలియదు. ఇంట్లో పడుకోబెట్టి, ఊపిరి వదిలాక పదిహేను లెక్కపెట్టేదాకా ఆపడం నాలుగైదుసార్లు ప్రాక్టీస్ చేయించండి. ఇరుకు ప్రదేశమంటే టెన్షన్ పడే మనిషైతే ముందే చెప్పండి. చేతిలో బెల్ ఇస్తారు, నొక్కితే బయటికి తీస్తారు.

రిపోర్ట్ వచ్చాక 'సబ్‌ఎపికార్డియల్ ఎల్‌జీఈ, ఇన్ఫెరోలేటరల్ వాల్' అని ఉంటే కంగారు పడి ఇంటర్నెట్‌లో వెతకొద్దు. బయటి పొరలో, పక్క గోడ కిందిభాగంలో తెలుపు ఉందని దాని అర్థం. ఈఎఫ్ బాగుండి, ఆ తెలుపు కొద్దిగా ఉంటే ఎక్కువమంది బాగా కోలుకుంటారు. రెండు గదుల మధ్య గోడలో, అంటే సెప్టమ్‌లో తెలుపు ఉందని రాస్తే మాత్రం కొంచెం ఎక్కువ జాగ్రత్తగా ఫాలోఅప్ చేస్తారు. ఇంకో సంగతి: ఇప్పుడు కనిపించే తెలుపంతా శాశ్వతమైన మచ్చ కాదు. కొత్తగా దెబ్బ తగిలినప్పుడు వాపు కూడా అందులో కలిసి ఉంటుంది. కొన్ని నెలలకు మళ్ళీ తీస్తే చాలామందిలో తగ్గుతుంది, కొందరిలో మాయమవుతుంది.

ఇప్పుడు పరుగు సంగతి. మీ తమ్ముడు నా మీద కోప్పడినా సరే. వాచి ఉన్న గుండె కండరం మీద శ్రమ పెడితే గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు. ఏ నొప్పీ లేకుండా హుషారుగా ఉన్న కుర్రాళ్ళు గ్రౌండ్‌లో కుప్పకూలిపోవడానికి ఉన్న కారణాల్లో మయోకార్డైటిస్ ఒకటి. నొప్పి తగ్గడం, వాపు తగ్గడం ఒకటి కాదు. మయోకార్డైటిస్ అని తేలితే సాధారణంగా 3 నుంచి 6 నెలలు పరుగులు, జిమ్, కబడ్డీ లాంటివి ఆపమంటారు. తర్వాత ట్రోపోనిన్, ఎకో, 24 గంటల హోల్టర్ (రోజంతా తీసే ఈసీజీ), ట్రెడ్‌మిల్ చూసి, అవసరమైతే ఎంఆర్‌ఐ మళ్ళీ తీసి, మెల్లగా మొదలుపెట్టనిస్తారు. ఎంత కాలం అన్నది రిపోర్ట్ చూసి మీ కార్డియాలజిస్ట్ చెబుతారు. 1600 మీటర్ల పరుగు ఇప్పుడు వద్దు, దానికి ప్రాక్టీస్ కూడా వద్దు. ఈసారి ఈవెంట్స్ పోతే పోనివ్వండి. తెలిసిన డాక్టర్‌ను పట్టుకుని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చన్న సలహా ఎవరైనా ఇస్తే వాళ్ళను ఇంటి గడప తొక్కనివ్వకండి. రాతపరీక్ష చదువు ఆపక్కర్లేదు కదా, ఈ నెలలు దానికి వాడుకోమనండి. ఇంట్లో తిరగడం, డాక్టర్ ఒప్పుకుంటే మెల్లగా నడవడం ఫరవాలేదు.

ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు. షాపు ఇంట్లోవాళ్ళదే కాబట్టి చేతికి అందుతాయి, అందుకే చెబుతున్నాను. మద్యం, సిగరెట్ అలవాటు ఉంటే ఆపించండి. గుండె దడ, కళ్ళు తిరిగి పడిపోవడం, పడుకుంటే ఆయాసం, కాళ్ళ వాపు, మళ్ళీ ఛాతీ నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఎంఆర్‌ఐ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నాన్నగారు నిరభ్యంతరంగా తోడు వెళ్ళొచ్చు. గుండెకు వేసే స్టెంట్‌లతో ఎంఆర్‌ఐకి ఇబ్బంది ఉండదు, అవసరమైతే ఆయనకే ఎంఆర్‌ఐ తీయొచ్చు. పేస్‌మేకర్ ఉంటే మాత్రం అది ఏ మోడలో చూపించాకే అయస్కాంతం ఉన్న గది దరిదాపులకు వెళ్ళాలి. ఎలాగూ తోడు వచ్చినవాళ్ళను బయటే కూర్చోబెడతారు. ఆయన స్టెంట్ కార్డుతో పాటు మీ తమ్ముడి డిశ్చార్జ్ సమ్మరీ, ఈసీజీలు, యాంజియోగ్రామ్ సీడీ, ఎకో రిపోర్ట్ అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి ఇచ్చి పంపండి. ఎంఆర్‌ఐ చదివే డాక్టర్‌కు అవి కూడా కావాలి.